గెర్రీ గారి సంతకాలు

పోయిన ఏడాది మా హాస్టల్ మెస్ కమిటీ ఎన్నికలప్పుడు నేనొక కాగితం మీద సంతకం పెట్టాను. అంతకు ముందు దాకా ఒక్కో ఫ్లోర్‌కి ఒక్కో మెంబర్ ఉండేవాడు. ఆ ఏడు మా బ్యాచ్‌వాళ్ళు కొత్త లెక్క తెచ్చారు. ఫ్లోర్లు కాదట, రూమ్ నంబర్ల గ్రూపులట. కింద నాలుగు రూములు, మెట్ల పక్కన మూడు, పైన టెర్రస్ కింది వరసలో రెండు, అన్నీ కలిపి ఒక గ్రూపు. దానికి తోడు ఒక్క బ్యాక్‌లాగ్ ఉన్నా పోటీకి అర్హత లేదని ఇంకో రూలు. కాగితం మీద చదివితే రెండూ పద్ధతిగానే ఉన్నాయి. పాత కమిటీ సెక్రటరీని కాబట్టి నా సంతకం కావాలి. మనసు ఒప్పలేదు. కానీ అడుగుతున్నది రోజూ నాతో టీ తాగేవాళ్ళు. పెట్టేశాను. ఐదు సీట్లలో నాలుగు మావాళ్ళకే వచ్చాయి.

రిజల్ట్ వచ్చిన రాత్రి ఈసీఈ మిత్రుడొకడు కారిడార్‌లో ఆపాడు. నువ్వు చేసిన పనికి ఇంగ్లీషు డిక్షనరీలో ఒక పేరుంది, వెళ్ళి వెతుక్కోమన్నాడు. జెర్రీమాండరింగ్. తమ పార్టీకి లాభం వచ్చేలా నియోజకవర్గాల గీతలు గీసుకోవడం అని అర్థం. ఆ మాటలో సగం ఒక జంతువు పేరు, సగం ఒక మనిషి పేరు. జంతువు సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. మనిషి మాత్రం నా సెమిస్టర్ సెలవులన్నీ తినేశాడు.

ఆయన ఎల్బ్రిడ్జ్ గెర్రీ. జెర్రీ కాదు, గెర్రీ. తన పేరుని ఆయన పలికింది 'గ'తోనే. తర్వాత లోకం దాన్ని 'జ' చేసేసింది. ఆయన జీవితం చదువుతుంటే నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది సంతకాలు. పెట్టినవి, ఆలస్యంగా పెట్టినవి, ప్రాణం పోయినా పెట్టనని కూర్చున్నవి, ఇష్టం లేకుండా పెట్టిన ఒకటి. ఆ చివరిదానితోనే ఆయన డిక్షనరీలోకి ఎక్కాడు. అందుకే ఈ వ్యాసం.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, బోస్టన్‌కి కాస్త ఉత్తరాన మార్బుల్‌హెడ్ అని సముద్రపు ఒడ్డున ఒక ఊరు. అప్పటికింకా అది బ్రిటిష్ వాళ్ళ వలస. 1744 జూలై 17న గెర్రీ అక్కడ పుట్టాడు. తండ్రి ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన ఓడ కెప్టెన్, తర్వాత వ్యాపారి. ఎండబెట్టిన కాడ్ చేపని బార్బడోస్‌కీ స్పెయిన్ రేవులకీ ఎగుమతి చేసేవారు. మన కాకినాడ, మచిలీపట్నం వైపు ఎండుచేపల వాసన తెలిసినవాళ్ళకి ఆ ఊరు ఎలా ఉండేదో నేను చెప్పనక్కర్లేదు. కుర్రవాడు హార్వర్డ్‌లో చదివి 1762లో డిగ్రీ తీసుకుని, తిరిగొచ్చి ఆ చేపల వ్యాపారంలోనే దిగాడు. మనిషి చిన్నగా, సన్నగా ఉండేవాడు. మాట కొంచెం తడబడేది. సభని ఊపేసే వక్త కాడు. లెక్కల మనిషి, లోపాలు వెతికే మనిషి. మన భాషలో చెప్పాలంటే ప్రతి ప్రోగ్రామ్‌లోనూ బగ్ పట్టుకుని అందరి ప్రాణం తీసే టీమ్‌మేట్ ఉంటాడు చూడండి, ఆ రకం.

1772లో మసాచుసెట్స్ శాసనసభకి ఎన్నికయ్యాడు. బ్రిటిష్ ప్రభుత్వానికి ఎదురు నిలబడిన గుంపులో చేరాడు. ఆ రోజుల్లోనే ఒక ఘటన జరిగింది. మశూచి రాకుండా టీకాల్లాంటివి వేయడానికి ఆయన, ఇంకొందరు వ్యాపారులు కలిసి మార్బుల్‌హెడ్ దగ్గరి ఒక దీవిలో ఆసుపత్రి కట్టించారు. జబ్బు అక్కడి నుంచే ఊళ్ళోకి వస్తుందని జనం భయపడ్డారు. 1774 జనవరిలో గుంపుగా వెళ్ళి ఆసుపత్రిని తగలబెట్టేశారు. గెర్రీ అలిగి కమిటీ పదవికి రాజీనామా ఇచ్చేశాడు. ప్రజల కోసం రాజుతో కొట్లాడుతున్న మనిషికి ప్రజలంటే ఒక మూల భయం పట్టుకున్నది అప్పుడేనని నా అనుమానం. రాజుని నమ్మడు, గుంపునీ నమ్మడు. మరి ఎవర్ని నమ్మాలి? కాగితం మీద రాసిన రూల్‌ని. జీవితమంతా ఆయన దాన్నే పట్టుకుని వేలాడాడు.

1775 ఏప్రిల్ 18 రాత్రి కథ సినిమాలా ఉంటుంది. వలసవాళ్ళ సైన్యానికి తుపాకులు, మందుగుండు సమకూర్చే కమిటీలో గెర్రీ ఉన్నాడు. ఆ రోజు మెనోటమీ అనే ఊళ్ళో మీటింగ్ అయ్యాక ఆయన, మరో ఇద్దరు అక్కడి సత్రంలోనే పడుకున్నారు. రాత్రి ఆ దారినే బ్రిటిష్ సైనికులు వచ్చి సత్రాన్ని సోదా చేశారు. ముగ్గురూ ఒంటిమీద రాత్రి బట్టలతోనే వెనకనున్న పొలంలోకి పరిగెత్తి, కోసిన జొన్న మొక్కల మొదళ్ళ మధ్య బోర్లా పడుకున్నారు. మొక్కజొన్న అనాలేమో. చలి. వాళ్ళలో ఒకాయన, జెరమయా లీ, ఆ తర్వాత జబ్బుపడి మరుసటి నెలలో చనిపోయాడు. ఆ సైనికులు ముందుకు వెళ్ళి తెల్లవారి లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్ళలో కాల్చిన తూటాలతోనే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది.

1776లో స్వాతంత్ర్య ప్రకటన. ఆగస్టు 2న ఎక్కువమంది సంతకాలు పెట్టినరోజు గెర్రీ ఊళ్ళో లేడు. తర్వాత వచ్చి పెట్టాడు. 1778లో రాష్ట్రాల మధ్య మొదటి ఒడంబడికకీ సంతకం పెట్టాడు. ఇంతవరకు బానే ఉంది.

ఈలోపు 1780లో మసాచుసెట్స్ తనకంటూ ఒక రాజ్యాంగం రాసుకుంది. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. రాష్ట్ర సెనెట్‌లో నలభై మంది. సెనెటర్ కావాలంటే కనీసం 300 పౌన్ల విలువైన సొంత భూమి, లేకపోతే 600 పౌన్ల ఆస్తి ఉండాలి. ఐదేళ్ళుగా రాష్ట్రంలో ఉండి ఉండాలి. కింది సభకైతే 100 పౌన్ల భూమి లేదా 200 పౌన్ల ఆస్తి, ఆ ఊళ్ళో ఏడాది నివాసం. గవర్నర్‌కి 1000 పౌన్ల భూమి. ఓటు వేయాలన్నా మగవాడై, 21 ఏళ్ళు నిండి, 60 పౌన్ల ఆస్తో, ఏడాదికి మూడు పౌన్లు వచ్చే భూమో ఉండాలి. సెనెట్ సీట్ల పంపకం జనాభాని బట్టి కాదు, ఏ ప్రాంతం ఎంత పన్ను కడుతుందో దాన్ని బట్టి. ఎక్కువ పన్ను కట్టే చోటికి ఎక్కువ సెనెటర్లు.

ఇదంతా చదివి నవ్వుకోబోయాను గానీ ఆగాను. 1919 చట్టం కింద మద్రాసు శాసనమండలికి మన తాతల నాన్నలు ఓటేసిన రోజుల్లోనూ భూమి శిస్తో, పన్నో కట్టేవాళ్ళకే ఓటు. మనదీ అదే బండి.

మరి గీతలు ఎవరు గీయాలి? మసాచుసెట్స్ రాజ్యాంగం ఆ పని శాసనసభకే అప్పగించింది. రెండే రెండు కండిషన్లు పెట్టింది. నియోజకవర్గాలు పదమూడుకి తగ్గకూడదు. ఏ ఒక్క నియోజకవర్గమూ ఆరుగురికి మించి సెనెటర్లని ఎన్నుకునేంత పెద్దది కాకూడదు. ఆకారం ఎలా ఉండాలో ఒక్క ముక్క లేదు. అప్పటిదాకా కౌంటీల హద్దుల్నే వాడుకుంటూ వచ్చారు కాబట్టి ఆకారం గురించి రాయాలని ఎవరికీ తోచినట్టు లేదు. స్పెసిఫికేషన్‌లో రాయనిది ఏదో ఒకరోజు ఎవడో ఒకడు వాడుకుంటాడు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పేపర్లో ఇది రెండు మార్కుల ప్రశ్న. అక్కడ అది పేలడానికి ముప్పై రెండేళ్ళు పట్టింది.

1786లో గెర్రీ ఆన్ థాంప్సన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. మరుసటేడు బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో ఎల్మ్‌వుడ్ అనే పెద్ద ఇల్లు కొన్నాడు. సరిగ్గా ఆ సమయంలోనే పశ్చిమ మసాచుసెట్స్ రైతులు అప్పుల బాధ తట్టుకోలేక కోర్టుల మీదకి తిరగబడ్డారు. గెర్రీకి పాత ఆసుపత్రి మంట గుర్తొచ్చి ఉంటుంది.

ఆ వేడిలోనే 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగ సభ కూర్చుంది. గెర్రీ అక్కడ మాట్లాడినవన్నీ చదువుతుంటే ఈయన ఎటువైపో అర్థం కాదు. ప్రజాస్వామ్యం మరీ ఎక్కువైపోవడం వల్లే కష్టాలొచ్చాయన్నాడు. ఆస్తిని కాపాడటం ప్రభుత్వం పనే అయినప్పుడు సభ్యులకి ఆస్తి అర్హత పెడితే తప్పేంటని వాదించాడు. బయటి దేశాల్లో పుట్టినవాళ్ళ ద్వారా విదేశీ కుట్రలు లోపలికి వస్తాయని, ఇకమీదట సభ్యత్వం ఇక్కడ పుట్టినవాళ్ళకే ఉంటే బాగుంటుందని అన్నాడు. పడమట కొత్తగా పుట్టబోయే రాష్ట్రాలకి వచ్చే సభ్యుల మొత్తం పాత పదమూడు రాష్ట్రాల లెక్కని ఎప్పటికీ దాటకూడదని తీర్మానం పెట్టాడు. అంటే ఎవరు నిలబడొచ్చు, ఎవరి ఓటుకి ఎంత బరువు అన్న రెండు ప్రశ్నల మీద ఆ గదిలో గట్టిగా కొట్లాడినవాళ్ళలో ఆయనొకడు. ఆ మాటలు ఇప్పుడు వింటే నాకు చిరాకే వస్తుంది. కింద నుంచి ఎవరూ పైకి రాకుండా తలుపులు వేసుకోవడమే కదా అది. ఆయన తీర్మానాలు సభలో నెగ్గలేదు. సభ్యులకి ఆస్తి అర్హత లేకుండానే ఆ రాజ్యాంగం బయటికొచ్చింది.

అయితే ఆ మనిషే పెద్ద రాష్ట్రాలకీ చిన్న రాష్ట్రాలకీ మధ్య సభ విరిగిపోబోతున్నప్పుడు రాజీ కమిటీకి అధ్యక్షుడిగా కూర్చున్నాడు. కింది సభలో జనాభాని బట్టి సీట్లు, పై సభలో అన్ని రాష్ట్రాలకీ సమానంగా ఓటు అన్న ఒప్పందం ఆ కమిటీ నుంచే వచ్చింది. పౌరుల హక్కుల పట్టిక ఒకటి రాయాలని చివర్లో తీర్మానం పెట్టిందీ ఆయనే. ఒక్క రాష్ట్రం కూడా ఒప్పుకోలేదు. నాలుగేళ్ళ తర్వాత, 1791లో, ఆ హక్కులు సవరణలుగా వచ్చి చేరాయి.

సెప్టెంబర్ 15న ఆయన తన అభ్యంతరాల జాబితా చదివాడు. ఇందులో మూడింటిని గుర్తుపెట్టుకోండి. ఎన్నికలు ఎక్కడ జరగాలో నిర్ణయించే విషయంలో కాంగ్రెస్‌కి అధికారం ఇస్తే దుర్వినియోగం అవుతుందన్నాడు. బానిసల్లో ఐదింట మూడు వంతుల్ని లెక్కేసి దక్షిణాది రాష్ట్రాలకి అదనపు సీట్లు ఇవ్వడం అన్యాయమన్నాడు. ఓటు లేని మనుషుల్ని సీట్ల లెక్కకి మాత్రం వాడుకోవడమన్నమాట. ఇక చివరిది, ఉపాధ్యక్షుణ్ణి సెనెట్‌కి అధిపతిగా కూర్చోబెట్టడం తప్పన్నాడు. సెప్టెంబర్ 17న అందరూ సంతకాలు పెడుతుంటే ఆ గదిలో ఉండి కూడా పెట్టనన్నది ముగ్గురు. జార్జ్ మేసన్, ఎడ్మండ్ రాండాల్ఫ్, గెర్రీ. దేశమంతా తిట్టినా ఆ రోజు కలం పట్టుకోలేదు. ఆ ధైర్యం చూస్తే, నా మెస్ కమిటీ కాగితం గుర్తొచ్చి సిగ్గేసింది.

తర్వాత పాతికేళ్ళు గబగబా చెప్పేస్తాను. మొదటి రెండు కాంగ్రెస్‌లలో నాలుగేళ్ళు సభ్యుడు. 1797లో ఫ్రాన్స్‌కి రాయబారుల బృందంలో ఒకడిగా వెళ్ళాడు. ఫ్రెంచి వాళ్ళు లంచం అడిగారని మిగతా ఇద్దరూ తిరిగొచ్చేస్తే, యుద్ధం రాకూడదని ఈయన అక్కడే ఉండిపోయాడు. ఇక్కడ ఫెడరలిస్టు పార్టీవాళ్ళు ద్రోహి అన్నారు. ఇంటి చుట్టూ రాత్రిళ్ళు గుంపులు చేరి భార్యాపిల్లల్ని బెదరగొట్టాయి. ఆ దెబ్బతో ఏ పార్టీ వద్దనుకున్న మనిషి జెఫర్సన్ గారి రిపబ్లికన్ పార్టీలోకి జారాడు. ఇప్పుడున్న రిపబ్లికన్ పార్టీ కాదది, దానికీ దీనికీ సంబంధం లేదు. 1800 నుంచి వరసగా నాలుగుసార్లు గవర్నర్ పదవికి పోటీచేసి నాలుగుసార్లూ కేలబ్ స్ట్రాంగ్ అనే ఫెడరలిస్టు చేతిలో ఓడాడు. చివరికి 1810లో గెలిచాడు. అక్కడ గవర్నర్ ఎన్నిక ఏటేటా ఉండేది. 1811లో మళ్ళీ గెలిచాడు.

మొదటి ఏడాది అందర్నీ కలుపుకుపోయాడు. రెండో ఏడాదికి మారిపోయాడు. బ్రిటన్‌తో ఇంకో యుద్ధం వచ్చేలా ఉంది. ఫెడరలిస్టులు బ్రిటన్ వైపు మొగ్గుతున్నారని, దేశాన్ని చీల్చేస్తారని ఆయనకి నిజంగానే భయం. వాళ్ళని ఉద్యోగాల్లోంచి తీసేశాడు. తనని తిట్టిన పత్రికల మీద కేసుల దాకా వెళ్ళాడు. అవతలివాడు గెలిస్తే దేశమే పోతుందని ఒకసారి నమ్మేశాక మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తాడేమో.

శాసనసభ రెండు సభలూ అప్పుడు రిపబ్లికన్ల చేతిలో ఉన్నాయి. ఆ మెజారిటీ జారిపోకముందే సెనెట్ నియోజకవర్గాల్ని మళ్ళీ గీసి బిల్లు తెచ్చారు. కౌంటీల పాత హద్దుల్ని కోసేశారు. రాసింది గెర్రీ కాదు. ఆయనకి అది నచ్చలేదని, అయిష్టంగానే సంతకం పెట్టాడని తర్వాత ఆయన జీవితచరిత్ర రాసిన అల్లుడు జేమ్స్ ఆస్టిన్ చెప్పాడు. అల్లుడి మాట కాబట్టి కాస్త తగ్గించి వినాలి. కానీ 1787లో పెట్టనని కూర్చున్న మనిషికి పెట్టకుండా ఉండటం తెలుసు. 1812 ఫిబ్రవరి 11న పెట్టాడు.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పాలి. పదిహేను మంది ఓటర్లున్నారనుకోండి. తొమ్మిదిమంది వడ కావాలంటున్నారు, ఆరుగురు ఇడ్లీ కావాలంటున్నారు. ఐదుగురికి ఒక గ్రూపు చొప్పున మూడు గ్రూపులు చేయాలి. ఒక గ్రూపులో ఐదుగురూ వడవాళ్ళనే కుక్కండి. మిగతా రెండు గ్రూపుల్లో ముగ్గురు ఇడ్లీ, ఇద్దరు వడ. అయిపోయింది. తొమ్మిదిమందికి ఒక సీటు, ఆరుగురికి రెండు. ఎవరి ఓటూ తీసేయలేదు, ఎవరి ఓటూ దొంగిలించలేదు. అవతలివాళ్ళని కొంతమందిని ఒకేచోట గుమ్మరించడం, మిగిలినవాళ్ళని పలుచగా చల్లడం, అంతే. మా హాస్టల్లో జరిగింది అచ్చంగా ఇదే.

మసాచుసెట్స్ ఈశాన్య మూల ఎసెక్స్ కౌంటీలో గీసిన గీత అన్నిటికన్నా ఘోరం. సముద్రపు ఒడ్డున లిన్, మార్బుల్‌హెడ్, సేలం దగ్గర మొదలుపెట్టి, లోపలికి డాన్వర్స్, ఆండోవర్ మీదుగా పైకెళ్ళి, మెథ్యూన్ దగ్గర తిరిగి, మెరిమాక్ నది వెంబడి హేవర్‌హిల్, ఏమ్స్‌బరీ దాటి మళ్ళీ సముద్రం దగ్గర సాల్స్‌బరీలో ఆగింది. నడుమ ఉన్న ఫెడరలిస్టు ఊళ్ళని చుట్టేసిన కొడవలి లాంటి సన్నటి పట్టీ. గెర్రీ పుట్టిన ఊరు కూడా ఆ పట్టీలోనే ఉంది. మా జియోమెట్రీ ప్రియులకి ఒక మాట. ఆకారం ఎంత బిగువుగా ఉందో కొలవడానికి వైశాల్యాన్ని నాలుగు పైతో గుణించి చుట్టుకొలత వర్గంతో భాగించే సూత్రం ఒకటి ఇప్పుడు వాడుతున్నారు. వృత్తానికి సరిగ్గా 1 వస్తుంది. ఇలాంటి పట్టీకి సున్నా దగ్గరికి పడిపోతుంది. కానీ ఆకారం బాగున్నంత మాత్రాన న్యాయం జరిగిపోయినట్టు కాదు. చక్కటి చతురస్రాలతోనూ ఇడ్లీని గెలిపించవచ్చు. సందేహముంటే గళ్ళ కాగితం తీసుకుని ప్రయత్నించండి.

1812 మార్చి 26న బోస్టన్ గెజెట్ పత్రిక ఆ పట్టీ పటాన్ని తీసుకుని దానికి రెక్కలు, గోళ్ళు, పళ్ళు పెట్టి అచ్చేసింది. సాలమాండర్ అని బల్లిలా ఉండే ఉభయచరం ఒకటుంది. చూసినవాళ్ళకి అదే గుర్తొచ్చింది. గెర్రీ పేరుని దాని తోకకి కట్టి గెర్రీమాండర్ అన్నారు. బొమ్మ గీసింది ఎల్కానా టిజ్‌డేల్ అని చరిత్రకారులు ఎక్కువగా చెబుతారు. వేరే పత్రికలు మళ్ళీ మళ్ళీ అచ్చేశాయి. మనకిప్పుడు మీమ్ ఎలాగో అదీ అలాగే ఊళ్ళు తిరిగింది.

తర్వాతి నెల ఎన్నికలు. గవర్నర్‌కి రాష్ట్రమంతా ఒకటే నియోజకవర్గం. గీతలు గీయడానికి చోటే లేదు. గెర్రీ ఓడిపోయాడు. ఓడించింది మళ్ళీ ఆ పాత కేలబ్ స్ట్రాంగే. ఊళ్ళవారీగా ఎన్నికయ్యే కింది సభ కూడా ఫెడరలిస్టులకే పోయింది. సెనెట్‌లో మాత్రం ఫెడరలిస్టులకి 51,766 ఓట్లు, 11 సీట్లు. రిపబ్లికన్లకి 50,164 ఓట్లు, 29 సీట్లు. అదే వసంతం, అదే జనం. ఎసెక్స్ పట్టీ నుంచి ముగ్గురు రిపబ్లికన్లు గెలిచారు. అంటే ఆ సంతకం అందరికీ పనికొచ్చింది, పెట్టినవాడికి తప్ప. ఇది చదివిన రాత్రి నేను చాలాసేపు లాప్‌టాప్ మూయలేదు. మా కమిటీలో నాలుగు సీట్లు వచ్చినవాళ్ళ పేర్లు ఇప్పుడెవరికీ గుర్తులేవు. ఆ లిస్ట్ కింద సంతకం ఎవరిదంటే మాత్రం ఫస్టియర్ వాళ్ళు కూడా చెబుతారు.

తర్వాతి ఏడు అధికారం పూర్తిగా చేతికొచ్చాక ఫెడరలిస్టులు ఆ చట్టాన్ని రద్దుచేశారు. బొమ్మ పోయింది, మాట మిగిలింది. మసాచుసెట్స్‌లో శాసనసభ్యులకి ఆస్తి అర్హతని 1840లో సవరణతో తీసేశారు. అంటే ఎవరు నిలబడొచ్చు అన్న తలుపు మెల్లగా తెరుచుకుంది. ఎవరి ఓటుకి ఎంత బరువు అన్నదే కదల్లేదు. రాష్ట్ర శాసనసభల రెండు సభల్లోనూ నియోజకవర్గాలు జనాభాలో సమానంగా ఉండి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 1964లో అలబామా కేసులో చెప్పింది. జనాభా సమానంగా ఉంచుతూనే పార్టీ లాభం కోసం వంకర గీతలు గీస్తే? అది తేల్చడం ఫెడరల్ కోర్టుల పని కాదని అదే కోర్టు 2019లో తప్పుకుంది.

మన దగ్గర దారి వేరు. ఎమ్మెల్యేకి ఆస్తి అక్కర్లేదు. 25 ఏళ్ళు నిండి, ఆ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉంటే చాలు, సొంత ఊరి నుంచే నిలబడాలని కూడా లేదు. గీతలు గీసేది ఎమ్మెల్యేలు కాదు, డీలిమిటేషన్ కమిషన్. సుప్రీంకోర్టు జడ్జి హోదాలో పనిచేసిన వ్యక్తి దానికి అధ్యక్షత వహిస్తారు. ఎమ్మెల్యేలు, ఎంపీలు సహసభ్యులుగా కూర్చుని మాట్లాడొచ్చు గానీ ఓటు లేదు. 2009 ఎన్నికల ముందు మా మండలం ఒక నియోజకవర్గం నుంచి తీసి పక్క నియోజకవర్గంలో కలిపారు. మా తాతయ్య ఇప్పటికీ పాత పేరే చెబుతాడు. ఏ ఊరు వాళ్ళమో తెలియకుండా చేశారని విసుక్కుంటాడు. అది కుట్ర కాదు, జనాభా లెక్కే కావచ్చు. కానీ గీత అటు జరిగితే బస్సు, రోడ్డు, ఎవరి గుమ్మం ముందు నిలబడాలి అన్నవన్నీ జరుగుతాయి కదా. 2014 విభజన చట్టంలో ఆంధ్రప్రదేశ్ సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణ సీట్లు 119 నుంచి 153కి పెంచాలని రాశారు. అంటే మనందరి ఊళ్ళ మీదా మళ్ళీ గీతలు పడే రోజు ఎప్పుడో ఉంది. మనలో చాలామందికి అప్పటికి ఓటే కాదు, పోటీచేసే వయసూ ఉంటుంది.

గెర్రీ కథ ఇంకొంచెం ఉంది. గవర్నర్‌గా ఓడిన కొద్దిరోజులకే పార్టీ ఆయన్ని ఉపాధ్యక్ష పదవికి నిలబెట్టింది. మాడిసన్ పక్కన గెలిచాడు. 1813లో అమెరికాకి ఐదో ఉపాధ్యక్షుడయ్యాడు. ఉపాధ్యక్షుడంటే సెనెట్‌కి అధిపతి. 1787లో తప్పని జాబితాలో రాసి, దాని పేరు చెప్పి సంతకం పెట్టనన్న ఆ కుర్చీలోనే వచ్చి కూర్చున్నాడు. ఆయనకి ఆ జాబితా గుర్తుండే ఉంటుంది. మతిమరుపు మనిషి కాడు మరి.

అప్పటికి వయసు డెబ్బైకి దగ్గరపడింది. ఆరోగ్యం బాగా లేదు, అప్పులున్నాయి. 1814 ఆగస్టులో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్‌లోకి వచ్చి సభాభవనాన్ని తగలబెడితే కాంగ్రెస్ వేరే భవనంలో సర్దుకుని కూర్చుంటోంది. నవంబర్ 23 ఉదయం గెర్రీ సెనెట్‌కి వెళ్ళడానికి బండెక్కాడు. దారిలోనే ప్రాణం పోయింది.

వాషింగ్టన్‌లోనే పాతిపెట్టారు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఆ నగరంలో సమాధి ఉన్నది ఆయనొక్కడిదే. భార్య ఆన్ 1849 దాకా బతికింది. సంతకం పెట్టినవాళ్ళ భార్యల్లో అందరికన్నా ఆఖరున పోయింది ఆవిడే. అంటే భర్త పోయాక ముప్పై ఐదేళ్ళు, ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పేపర్లో ఆ మాట ఆవిడ కంటపడుతూనే ఉండి ఉంటుంది.